నోరు తెరిచిన క్లాంపు

మొన్న సోమవారం మా షెడ్డుకి అట్టపెట్టె ఒకటి వచ్చింది. విప్పి చూస్తే నాలుగు సీ క్లాంపులు, ముక్కల్ని మర తిప్పి కదలకుండా బిగించి పట్టేవి. ఒక్కోటీ ఒక్కో కవర్లో, నీలం రంగు పూసుకుని తోడిపెళ్లికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. బెజవాడ ఆటోనగర్లో కూచుని, ఎటు చూసినా వెల్డింగు షాపులూ లేతు షాపులూ తుక్కు కొట్లూ పెట్టుకుని, మావాళ్లు క్లాంపుల్ని ఫోన్లో నొక్కి తెప్పించుకున్నారు! కమ్మరి వీధిలో సూదులమ్మడమనే సామెత విన్నాం గానీ, కమ్మరే సూది కొనుక్కోవడం నేనిదే చూడటం.

"ఎందుకురా ఇవి?" అన్నాను.

"చేసుకుంటా కూచుంటే పూట పోద్ది తాతా. పూటకి నా కూలెంత, దీని ఖరీదెంత, నువ్వే చెప్పు" అన్నాడు షెడ్డు కుర్రాడు.

లెక్క సరిగ్గానే చెప్పాడు. అందుకే నాకు మరీ మండింది.

గురువారానికి వాటిలో ఒకటి నడుం దగ్గర రెండు ముక్కలైంది. గేటు ఫ్రేము బిగిస్తూ, బలం చాల్లేదని హ్యాండిలుకి గొట్టం తొడిగి లాగాడట. పోత ఇనుము వంగదు, ముందుగా చెప్పదు, టప్పున పోతుంది. విరిగినచోట పంచదార పలుకుల్లా గరుగ్గా బూడిదరంగు తేలింది. "నాసిరకం సరుకు" అని తిట్టుకుంటూ ముక్కల్ని తుక్కులోకి విసిరేశాడు. ఆడలేక మద్దెల ఓడు. మనిషి చెయ్యి ఎంత లాగగలదో చూసుకునే హ్యాండిలు అంత పొట్టిగా పెట్టారురా నాయనా, గొట్టం తొడగమని కాదు, అని చెప్పబోయి ఊరుకున్నాను. పని మానేసిన మేస్త్రి మాటా, జారే బెల్టూ ఒకటే. తిరుగుతున్నట్టే ఉంటుంది, అవతల చక్రం కదలదు.

మా రోజుల్లో క్లాంపు అనేది కొనే వస్తువు కాదు. నేను ఐటీఐలో ఫిట్టరు ట్రేడులో చేరింది 1971లో. రెండేళ్ల చదువు. చదువంటే ఏం చదువు, అరగదీయడం! ఒక ఇనప ముక్కా ఒక ఆకురాయీ చేతికిచ్చేవారు. ముక్కని ఆరు వైపులా చదును చేసి, మూలమట్టం ఆనించి వెలుగుకెత్తి చూపించాలి. మట్టానికీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి వెలుగు కనబడిందా, మళ్లీ మొదటికి. అరచేతులు బొబ్బలెక్కి, అవి చితికి, ఆ చోట కాయలు కాశాక అప్పుడిచ్చారు అసలు జాబు. ప్యారలల్ క్లాంపు.

చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. 16 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ ముక్కలు రెండు, జానెడు కూడా లేవు. అవే దవడలు. వాటికి రెండు మరలు. మధ్య మర మొదటి దవడలోని వదులు బెజ్జం దాటి, రెండో దవడలోని మరచుట్లకి పడుతుంది. చివరి మర అటువైపు నుంచి ఆ రెండో దవడగుండానే వచ్చి, మొదటి దవడలో చిన్న గుంటలో మొన ఆనిస్తుంది. మధ్యది లాగుతుంది, చివరిది తోస్తుంది. ముందు మధ్య మరతో దవడలు రెండూ వస్తువుకి సమంగా ఆనేట్టు తెచ్చుకుని, ఆ తర్వాత చివరి మరతో బిగించాలి. తొందరపడి తిరగేసి చేస్తే పంటి చివరతో జామకాయ కొరికినట్టు అంచు మాత్రమే పట్టుకుంటుంది, సుత్తి దెబ్బకి జారుతుంది. 8 మిల్లీమీటర్ల ట్యాపుకి 6.8 డ్రిల్లు అని మాకు ఎక్కాల్లా వచ్చేది. ట్యాపుని అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పితే రజను తెగుతుంది. బద్ధకించి ముందుకే తోశావా, ట్యాపు లోపల విరిగి కూచుంటుంది. రెండు వారాల పని గోవిందా. మా బ్యాచిలో ఒకడికి అలాగే విరిగితే, వాడు ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

చివర్లో ఆ క్లాంపుని ఎర్రగా కాల్చి మాడిన ఇంజనాయిల్లో ముంచితే నల్లగా నిగనిగలాడుతూ వచ్చేది. తుప్పు త్వరగా పట్టదు. నాది ఇప్పటికీ ఉంది, పట్టలేదు.

1974లో ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాను. ఆ షెడ్డు మొత్తానికి కొన్న క్లాంపు ఒకటే. అది ఓనరు బీరువాలో పద్దుల పుస్తకాల పక్కన తాళంలో ఉండేది. దసరాకి బొట్టు పెట్టేటప్పుడు చూశాం. మిగతావన్నీ గోడకి మేకుల మీద వేలాడే షెడ్డు పిల్లలు. ఒకటి యాంగ్లరు ముక్కలతో చేసింది, ఒకటి ఛానలుతో, ఒకటి లావుపాటి గొట్టాన్ని అడ్డంగా కోసి ఒక పక్క నోరు కొట్టింది. ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. ఎందుకంటే ఏదీ ఊరికే చేసింది కాదు. ఫలానా లారీ అడుగు దూలానికి చెయ్యి దూరక చేసిందొకటి, ఫలానా ట్యాంకరు మూత కోసం కంఠం పొడుగ్గా పెట్టి చేసింది ఇంకొకటి. పని ముందు, క్లాంపు తర్వాత. ఇప్పుడు నాలుగంగుళాలది, ఆరంగుళాలది అని సైజు చెప్పి కొంటారు. కొన్నాక దానికి తగ్గట్టు పనిని వంచుతారు.

మా మేస్త్రి గుడివాడ వైపు నుంచి వచ్చిన కమ్మరి. అక్షరం రాదు, దాకలి ముందు పుట్టాడు. చేరిన వారానికి నేను వెళ్లి క్లాంపు కావాలన్నాను. ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, "రెండు చేతులు దేవుడిచ్చాడు, మూడోది నువ్వే చేసుకోవాల" అని తుక్కు కుప్ప వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

సరే, ఐటీఐ సర్టిఫికెట్టు ఉంది కదా. 50 మిల్లీమీటర్ల వెడల్పూ 10 మిల్లీమీటర్ల మందమూ ఉన్న పట్టీ ఒకటి ఏరుకున్నాను. కొలిమిలో ఎర్రగా కాల్చి, వైసులో పెట్టి, సుత్తితో కొట్టి గుర్రపునాడాలా వంచాను. పట్టీని పడుకోబెట్టి వంచితే ఎంత సుఖంగా వంగిందో! ఒక చివర నట్టు వెల్డింగు చేశాను, పొడుగు బోల్టు ఎక్కించాను, రెడాక్సైడు కూడా పూశాను. మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క మాటా అనలేదు. రెండు ఛానళ్లు జతచేసి తెచ్చి, బిగించమన్నాడు. బిగించాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం బిగించాను. నేను బిగించేకొద్దీ నా క్లాంపు ఆవులించడం మొదలెట్టింది. చివరికి నోరు పూర్తిగా తెరిచి, ఛానళ్లని వదిలేసి కిందపడింది. ఆ ఏడు సంక్రాంతి దాకా షెడ్డులో నా పేరు "నోరు తెరిచినోడు".

నవ్వులు అయ్యాక మేస్త్రి నాలుగడుగుల పట్టీ, అదే సైజుది, తెప్పించాడు. అటు రెండిటుకలు, ఇటు రెండిటుకలు పెట్టి దాని మీద పడుకోబెట్టి, "ఎక్కు" అన్నాడు. ఎక్కితే అంగుళం దిగింది. దాన్నే అంచు మీద నిలబెట్టించి, ఇద్దరితో పట్టించి, మళ్లీ ఎక్కమన్నాడు. దిగినట్టే తెలియలేదు. "ఇనుము పడుకుంటే నిద్దరోద్ది, నిలబెడితే పనిచేసుద్ది" అన్నాడు. పాఠం అయిపోయింది. ఆ కొలతల పట్టీని నిలబెడితే బలం 5 రెట్లు, వంగకుండా నిలిచే బిగువు 25 రెట్లు పెరుగుతుందని లెక్కకట్టి చూపించే పుస్తకం నా చేతికి మరో పదేళ్లకి వచ్చింది. పుస్తకం చదివినప్పుడు నాకు కనిపించింది సూత్రం కాదు, ఆ నాలుగిటుకలు.

అందుకే పట్టీతో సీ క్లాంపు చేసుకోవాలంటే వంచకూడదు. మూడు ముక్కలు కోసి, మూడిటినీ అంచు మీద నిలబెట్టి, మూలల్లో కలిపి వెల్డింగు చెయ్యాలి. అతికే ముందు అంచుల్ని ఏటవాలుగా గ్రైండింగు పట్టాలి, లేకపోతే వెల్డింగు పైపైన మెరుగులా కూచుంటుంది, లోపలికి దిగదు. మూలల్లో చిన్న ముక్కోణం ముక్క అతికిస్తే ఇంకా మంచిది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, అరపూట పని. కుర్రాడు చెప్పిన పూట కూడా కాదు.

ఇంత బలం ఎందుకయ్యా, బోడి బిగింపే కదా అనుకోవచ్చు. 16 మిల్లీమీటర్ల బోల్టు ఒక చుట్టు తిరిగితే 2 మిల్లీమీటర్లు ముందుకి పోతుంది. దాని హ్యాండిలు 15 సెంటీమీటర్లుంటే, ఆ ఒక్క చుట్టుకి మన చెయ్యి 94 సెంటీమీటర్లు తిరుగుతుంది. 10 కిలోల బలంతో లాగామంటే కాగితం మీద నాలుగున్నర టన్నులు పైచిలుకు రావాలి. మరచుట్ల రాపిడి అందులో సింహభాగం మింగేస్తుంది. అది మింగగా మిగిలేది అర టన్ను దరిదాపు. మనం తిప్పడం మానేసినా మర వెనక్కి జారకుండా పట్టుకునేది ఆ మింగిన రాపిడే. ఆ అర టన్నూ క్లాంపు వీపుని విప్పదీయాలని చూస్తుంటుంది. నా గుర్రపునాడా ఆవులించక ఏం చేస్తుంది? ఇక గొట్టం తొడిగినవాడి సంగతి చెప్పాలా?

నట్టు దగ్గరే సగం క్లాంపులు చచ్చేవి. ఒక్క నట్టు పెడితే మరచుట్లు త్వరగా అరిగిపోతాయి, అందుకని రెండు నట్లు వరసగా పెట్టి అతికేవాళ్లం. అతికేటప్పుడు లోపల పాత బోల్టొకటి గ్రీజు రాసి ఎక్కించి ఉంచాలి. అప్పుడు రెండు నట్లూ ఒకే గీతలో నిలుస్తాయి, నిప్పురవ్వలు మరల్లో పడవు. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం వెల్డింగు పెట్టుకుంటూ పోవాలి. ఒకే పక్క దట్టిస్తే చల్లారేటప్పుడు అటు లాక్కుపోతుంది, మర వంకరగా దిగుతుంది. తెల్లగా మెరిసే జింకు పూత నట్టయితే ముందు పూత అరగదీయాలి. తీయకుండా అతికితే తెల్లటి పొగ లేస్తుంది, ఆ రాత్రి జ్వరం ఖాయం. మా వాళ్లు పాలు తాగి పడుకునేవాళ్లు. పాలకి జ్వరం తగ్గిందో, పొద్దున్నకి అదే తగ్గేదో!

ఇంకో తలనొప్పి, అంగుళాలూ మిల్లీమీటర్లూ. తూనికలూ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, మా షెడ్డులో 1980 దాటాక కూడా రెండు కాపురాలే. అరంగుళం బోల్టుకి అంగుళానికి 12 చుట్లు, 12 మిల్లీమీటర్ల బోల్టుకి అదే అంగుళంలో 14కి పైన. కంటికి రెండూ కవలలు. అరంగుళం నట్టులోకి 12 మిల్లీమీటర్ల బోల్టు రెండు చుట్లు దిగి, వదులుగా గిలకలాడుతుంది. "వదులైతే ఏంలే, పట్టేసుద్దిలే" అని అలాగే తిప్పినవాడు ఒకడున్నాడు. మొదటి బిగింపుకే మరచుట్లు ఒలుచుకుని పోయాయి. ఇనప తీగచుట్టలా బయటికొచ్చింది మర. ఆ ఒకడు ఎవరని అడక్కండి.

బోల్టు మొన నేరుగా వస్తువుకి ఆనితే, తిరుగుతూ దాన్ని కూడా పక్కకి లాగుతుంది, గీతలు పడతాయి. అందుకని మొనని గుండ్రంగా గ్రైండింగు పట్టి, లావుపాటి కడ్డీ ముక్కలో సగం లోతు బెజ్జం వేసి, అందులో ఆ గుండు కూచోబెట్టి, అంచుల్ని సుత్తితో లోపలికి మూసేవాళ్లం. బోల్టు తిరుగుతుంది, పాదం తిరగదు. మా మేస్త్రి ఆ రెంటి మధ్యా చిల్లుకానీ వేసేవాడు. 1940లనాటి కంచు కానీలు, నడిమధ్య గుండ్రటి చిల్లుతో. బజార్లో చెల్లడం మానేశాక ఆయన దగ్గర ఒక డబ్బాడు పోగయ్యాయి. కంచు కాబట్టి ఇనుము మీద నున్నగా జారేది, అరిగితే తానే అరిగేది. జార్జి చక్రవర్తి కాలం నాణెం మా లారీల కింద వాషరుగా పనిచేసింది. ఇప్పుడు ఆ కానీలు పాత నాణేలమ్మేవాడి దగ్గర గాజు పెట్టెలో ఉంటున్నాయట. మేం తెలియక ఎంత సంపద బిగించామో!

కమాను పట్టీల సంగతి చెప్పకపోతే ఈ గొడవ పూర్తికాదు. లారీ కమాను పట్టీ అంత గట్టి ఇనుము ఇంకోటి లేదని, దాంతో క్లాంపు చేస్తే జన్మకి చాలునని, ప్రతి కొత్త కుర్రాడికీ ఒకరోజు జ్ఞానోదయం అవుతుంది. కోస్తాడు, అతుకుతాడు, మురిసిపోతాడు. రాత్రి షెడ్డు మూశాక ఎవరూ ముట్టకుండానే "టక్" మని చప్పుడు. పొద్దున్న చూస్తే వెల్డింగు పక్కనే వెంట్రుకలాంటి పగులు. అందులో కర్బనం ఎక్కువ. వెల్డింగు పక్క చోటు చప్పున చల్లారి గాజులా పెళుసెక్కి, లాగుడికి పగులుతుంది. మా మేస్త్రి ఆ పట్టీని ఎన్నడూ అతకలేదు. ఎర్రగా కాల్చి, కొలిమి పక్క బూడిదగుంటలో రాత్రంతా పాతిపెట్టేవాడు. తెల్లారేసరికి డ్రిల్లు దిగేంత మెత్తబడేది. బెజ్జాలేసి బోల్టులతో బిగించేవాడు. ఆయనకి కర్బనం అనే మాట తెలియదు. "దీనికి పొగరెక్కువ, నిదానంగా దించాల" అనేవాడు.

మా షెడ్డు వడ్రంగులు మరీ సులువు మార్గం పట్టారు. పాత సోఫాలోంచి పీకిన స్ప్రింగుని చుట్టు చుట్టుకీ కోస్తే ఎడంగా ఉన్న రింగులొస్తాయి. జిగురు పెట్టిన చెక్క మూలల మీద వాటిని చేత్తో విప్పి తగిలిస్తే చాలు, జిగురు ఆరేదాకా కరుచుకునుంటాయి. మర లేదు, నట్టు లేదు, ఖర్చు లేదు. దీని ముందు మా క్లాంపులన్నీ ఆర్భాటమే అని అప్పుడప్పుడూ అనిపించేది. ఒప్పుకునేవాళ్లం కాదనుకోండి.

ఎవరి క్లాంపు మీద వాళ్లు సెంటరు పంచితో గుర్తు కొట్టుకునేవాళ్లం. నాది మూడు చుక్కలు. ఎరువిచ్చిన క్లాంపు మాత్రం పుట్టింటికెళ్లిన కొత్త కోడలే. రేపొస్తానంటుంది. రెండు షెడ్ల అవతల ఓ గోడ మీద నా మూడు చుక్కలు 1988లో చూశాను. అడిగితే "ఇది మా నాన్న కాలంనాటిది" అన్నాడు. వాళ్ల నాన్నకే ఇచ్చాను.

అన్నీ మా రోజులే గొప్ప అనడం లేదు. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు పట్టాం. వట్టి కళ్లతో వెల్డింగు ట్యాకింగులు పెట్టి, రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంటతో దొర్లాం. హవాయి చెప్పులతో పనిచేస్తుంటే క్లాంపు జారి నా ఎడమ బొటనవేలి గోరు రెండుసార్లు పోయింది. మా కుర్రాడు బూట్లేసుకుంటాడు, అద్దాలు పెట్టుకుంటాడు. ఆ విషయంలో వాణ్ణి ఒక్క మాట అనను.

మా మనవడు మెకానికల్ ఇంజనీరింగు మూడో ఏడు. నిన్న ఆదివారం కంప్యూటరు పట్టుకొచ్చి, "తాతయ్యా, ఇది చూడు" అన్నాడు. తెర మీద సీ క్లాంపు బొమ్మ. బిగింపు పెంచేకొద్దీ నీలం, పచ్చ, పసుపు, వీపు లోపలి మూలలో ఎరుపు. "ఫెయిలయ్యేది ఇక్కడే తాతయ్యా." నాకు తెలియదట్రా! 1974లో సరిగ్గా అక్కడే ఆవులించింది. "ఆకురాయి ఎప్పుడైనా పట్టావా?" అన్నాను. ఫస్టియర్లో ల్యాబులో రెండు వారాలు పట్టాడట. రెండు వారాలు! మాకు ఆరు నెలలకి గానీ...

సరే, ఏదో ఒకటి. వాడికి ఆ తిరగని పాదం ఎలా చేస్తారో అర్థం కాలేదట, బొమ్మలో కుదరడం లేదట. చేసింది చూపిస్తానన్నాను. మేస్త్రి చేతి చిల్లుకానీతో సహా చెక్కుచెదరకుండా మిగిలినది నా దగ్గర ఒక్కటే. కొబ్బరికోరు అడుగున ఉండే బిగింపు విరిగిపోయిందని మా ఆవిడ గొడవపెడితే, 1993లో షెడ్డు నుంచి తెచ్చి వంటింటి గట్టుకి బిగించాను. అప్పట్నించీ అక్కడే. రెండుసార్లు వంటిల్లు మారింది, గట్టు మారింది, క్లాంపు మారలేదు.

"ఏవోయ్, ఆ కోరు ఒకసారి విప్పి ఇటివ్వు. వీడికి చూపించాలి."

"కొబ్బరన్నానికి కాయ కొట్టి కూచున్నానండీ. సగం కోరాను. చూడాలంటే వాణ్ణే ఇక్కడికి రమ్మనండి, మిగతా సగం కోరతాడు."

వెళ్లాడు. ఇద్దరం గట్టు ముందు వంగి చూశాం. పాదం చుట్టూ నూనె జిడ్డు, కొబ్బరి పొట్టు. మరకీ పాదానికీ మధ్య సన్నగా, పసుపుపచ్చగా కానీ అంచు కనబడింది. వాడు ఫోటో తీసుకున్నాడు.